చుక్కలు చెరిపిన గిన్నెలు

కేలండర్లో అయిపోయిన సెప్టెంబరు కాగితం చింపి, దాని వెనక ప్రిస్కిల్లా ఇలా రాసుకుంది:

1. అత్తయ్యగారి బీరువా – చీరలు వేరు చేయాలి.
2. వంటింటి పై అరలు దించి కడగాలి.
3. పాత పుస్తకాలు, స్కూలు కాగితాలు – కాటా వేయించాలి.
4. ముందు గదిలో ఫోటోల అద్దాలు తుడవాలి.
5. కుర్చీలు, టెంటు – ఫోన్ చేయాలి.
6. వంట సంగతి – చిట్టియ్య మావయ్యగారు.
7. సామాన్ల గది ఖాళీ.
8. దీనమ్మత్తతో మాట్లాడాలి.

ఎనిమిదోది రాశాక పెన్ను మూత పెట్టింది. మళ్ళీ తీసి, దాన్నీ ఏడోదాన్నీ కలుపుతూ ఒక గీత గీసింది.

రామచంద్రపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది ప్రిస్కిల్లా. పనులు వరుసలో పెట్టుకుంటే తప్ప ఆమెకు చేతులు ఆడవు. దసరా సెలవులిచ్చారు. శనివారం సాయంత్రం అత్తగారు సంపూర్ణమ్మగారి మొదటి సంవత్సరం జ్ఞాపకార్థ కూడిక. మంగళవారం నుంచి శుక్రవారం దాకా నాలుగు రోజులు, ఎనిమిది పనులు. రోజుకి రెండు. భాగహారంలో శేషం లేదు. అయినా ఆ కాగితం చూసిన కొద్దీ ఏదో మిగిలిపోతున్నట్టే అనిపించింది.

భర్త శ్యాంబాబుది హైదరాబాదు కంపెనీలో ఉద్యోగం, పని ఇంటి నుంచే. ముందు గదిలో కూర్చుని మీటింగులో మాట్లాడుతుంటే వెనక కుక్కరు కూస్తుంది, వీధిలో చేపల బండి అరుస్తుంది. తలుపు వేసుకునే గది ఒకటి కావాలని రెండు నెలలుగా అంటున్నాడు. ఇంట్లో తలుపున్న గదులు రెండే. ఒకటి వాళ్ళు పడుకునేది, రెండోది సామాన్ల గది. సామాన్ల గదిలో దీనమ్మ ఉంటుంది. గిన్నెల మధ్య దీనమ్మ మంచం వేసుకుందో, దీనమ్మ మంచం చుట్టూ గిన్నెలే వచ్చి చేరాయో, కాపురానికి వచ్చి ఆరేళ్ళయినా ప్రిస్కిల్లాకు తెలియలేదు. ఎవరినీ అడగనూ లేదు.

"నువ్వే చెప్పు ప్రిస్కీ," అన్నాడు శ్యాంబాబు లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండా. "నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. నా నోటితో ఎలా చెప్పను?"

"నా నోటితో మాత్రం ఎలా చెప్తాననుకున్నారు?"

"నువ్వు టీచరువి కదా, నచ్చజెప్పడం వచ్చు. వసారాలో కొత్త మంచం వేయిద్దాం. ఫ్యాను కూడా పెట్టిద్దాం. కాదంటే కడియంలో వాళ్ళన్నయ్య కొడుకు ఏసురాజున్నాడు. వచ్చినప్పుడల్లా రమ్మంటూనే ఉంటాడు."

"వసారాలో వాన జల్లు కొడుతుందండీ."

"మరైతే ఏం చేద్దామో నువ్వే చెప్పు."

ఏం చేయాలో ప్రిస్కిల్లాకూ తెలియదు. అందుకే ముందు తెలిసిన పని మొదలుపెట్టింది.

మంగళవారం పొద్దున్న ముందు గదిలో మూడు దుప్పట్లు పరిచింది. నీలం దుప్పటి మీద ఉంచుకునేవి, పసుపు దుప్పటి మీద ఇచ్చేసేవి, చిరిగిన దుప్పటి మీద పారేసేవి. ఇల్లు సర్దడం గురించి ఫోనులో వచ్చే వీడియోలన్నీ నెల రోజులుగా చూసింది. ఏడాదిగా వాడని వస్తువు అక్కర్లేనిదేనని ఒకావిడ అందులో చిరునవ్వుతో చెబుతుంది. ప్రిస్కిల్లాకు ఆ మాట బాగా నచ్చింది. సూత్రం లాంటి మాట, ఎక్కడైనా వేసుకోవచ్చు.

దీనమ్మ స్టూలెక్కి పై అరలోంచి ఒక్కొక్కటీ అందించింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, బక్కపల్చన. చీర కుచ్చెళ్ళు పైకి దోపి, ఒక చేత్తో అర పట్టుకుని, రెండో చేత్తో గిన్నె తీసి, దుమ్ము కింద పడకుండా పొట్టకు ఆనించి ఓసారి తుడిచి, అప్పుడు ఇచ్చేది. ప్రతి గిన్నెనీ ఇచ్చే ముందు తిప్పి అడుగు చూసేది.

"అడుగున ఏం చూస్తున్నావత్తా? చిల్లులా?"

"ఆయ్, అలవాటండి."

ప్రిస్కిల్లా దీనమ్మను అత్తా, నువ్వు అంటుంది. తనకంటే ముప్పై ఏళ్ళు చిన్నదైన ప్రిస్కిల్లాను దీనమ్మ అండి, మీరు అంటుంది. మొదట్లో ప్రిస్కిల్లా ఇబ్బంది పడింది. తర్వాత చెవికి అలవాటైపోయింది.

నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీ ఒకటి వచ్చింది. పట్టీ కొంచెం వదులుగా ఉంది. ఏడాదిలో ఎవరూ వాడగా చూడలేదు. పసుపు దుప్పటి మీద పెట్టబోయి ప్రిస్కిల్లాకు ఒక ఆలోచన వచ్చింది. ఎప్పుడు చూసినా చాకిరీయే తప్ప ఈ మనిషికి మనం ఇచ్చిందేముంది?

"అత్తా, ఈ క్యారేజీ నువ్వు తీసుకో. నీకు ఉంటుంది."

దీనమ్మ స్టూలు దిగింది. చేతులు కొంగుకు తుడుచుకుని, రెండు చేతులూ చాపి అందుకుంది.

"మంచిదండి," అంది.

ప్రిస్కిల్లాకు కడుపు నిండినట్టయింది. ఆ సంతోషంలో ఎనిమిదో పని కూడా ఇప్పుడే కానిచ్చేద్దామని సామాన్ల గది గుమ్మం దాకా వెళ్ళింది. "అత్తా, ఈ గది..." అని మొదలుపెట్టి, నాలుగు గోడలూ చూసింది.

"ఆ మూల కారుద్దండి వానొస్తే," అంది దీనమ్మ వెనక నుంచి. "అందుకే మంచం ఇటు తిప్పుకున్నాను. బియ్యం బస్తా గానీ, కరెంటు సామాను గానీ అటు పెట్టకూడదండి."

కరెంటు సామాను అని ఎందుకందో ప్రిస్కిల్లాకు అర్థం కాలేదు. తల ఊపి వంటింట్లోకి వచ్చేసింది.

బుధవారం లేచి చూస్తే పసుపు దుప్పటి మీద సాంబారు బకెట్టు లేదు. అంచు వంగిన పెద్ద పళ్ళెం లేదు. రెండు గరిటెలూ ఒక డేగిసా కూడా లేవు. అన్నీ సామాన్ల గదిలో గోడ వారగా బోర్లించి ఉన్నాయి. ప్రిస్కిల్లా వాటిని మోసుకొచ్చి మళ్ళీ దుప్పటి మీద పెట్టింది. స్నానం చేసి వచ్చేసరికి అవి మళ్ళీ గదిలోకి వెళ్ళిపోయాయి.

"అత్తా, ఇవి మళ్ళీ ఇక్కడికెలా వచ్చాయి?"

"నేనే పెట్టానండి."

"ఇచ్చేద్దామని తీశాను కదా."

"ఇచ్చేద్దామండి. మీరు కంగారు పడకండి, నేను చూసుకుంటాను."

ఏం చూసుకుంటుందో చెప్పలేదు. పెద్దవాళ్ళు వస్తువుల్ని వదల్లేరని, వాళ్ళతో నెమ్మదిగా ఉండాలని వీడియోలో చెప్పిన మాట గుర్తొచ్చి ప్రిస్కిల్లా ఊరుకుంది. ఊరుకుంది గానీ లోపల చిరాకు పోలేదు. గిన్నెలనే వదలని మనిషి గదిని ఎలా వదులుతుంది?

బుధవారం దీనమ్మ ప్రార్థన గుడి ఊడ్చే రోజు. పది గంటలకు చీపురు తీసుకుని వెళ్ళింది. ఇదే అదననుకుంది ప్రిస్కిల్లా. సామాన్ల గదిలో ఉన్న గిన్నెలన్నీ బోరింగు దగ్గరికి చేరేసింది. నలభై పైనే తేలాయి. ఇన్ని గిన్నెలు ఒక ఇంటికి ఎందుకు? అందులోనూ ఎంత అసహ్యంగా ఉన్నాయి! దాదాపు ప్రతి దాని అడుగునా, కొన్నిటికి పక్కలా రంగు చుక్కలు. ఎర్రవి, నీలం, పసుపు, ఆకుపచ్చ. కొన్నిటికి రెండు, కొన్నిటికి మూడు. కిటికీలకు పెయింటు వేసినప్పుడు ఎవరో బ్రష్షు విదిలించారనుకుంది. గోటితో గీకితే రాలేదు. అటక మీద థిన్నరు డబ్బా ఉంది. పాత బనీను గుడ్డ తడిపి రుద్దితే చుక్క కరిగి గుడ్డకు అంటుకుంది.

ప్రిస్కిల్లా తునిలో పుట్టి పెరిగింది. తండ్రి రైల్వే స్టేషన్లో మూటలు మోశాడు. రెండు గదుల అద్దె ఇల్లు, ఆరు కంచాలు, ఆరు గ్లాసులు. ఎవరింట్లో భోజనాలైనా కేటరింగు వాళ్ళు సామాన్లతో సహా వ్యాన్లో దిగేవాళ్ళు. గిన్నె మీద చుక్కకు అర్థం ఉంటుందని ఆమెకు చెప్పినవాళ్ళు లేరు. పెళ్ళయ్యాక ఈ ఇంటి పెద్ద వంటలన్నీ అత్తగారూ దీనమ్మా చూసుకున్నారు. ప్రిస్కిల్లా స్కూలుకు వెళ్ళొచ్చి పేపర్లు దిద్దుకునేది.

మూడు గంటలు పట్టింది. థిన్నరుతో చుక్కలు తీసి, సబ్బు, పీచు పెట్టి తోమి, రెండు నీళ్ళు జాడించి, పెరట్లో టార్పాలిన్ మీద ఎండకు బోర్లించింది. వేళ్ళు మండాయి. కానీ నలభై గిన్నెలూ కొత్తగా కొన్నట్టు ఎండలో తళతళలాడుతుంటే నడుం నొప్పి మరిచిపోయింది.

దీనమ్మ పెరటి గుమ్మంలో ఆగింది. చేతిలో చీపురు అలాగే ఉంది. టార్పాలిన్ చుట్టూ ఒకసారి నడిచింది. ఒంగి ఒక డేగిసా తిప్పి చూసింది. ఇంకొకటి తిప్పి చూసింది.

"అన్నీ తుడిచేశారాండి?"

"అన్నీ అత్తా. చూడు, అద్దాల్లా ఎలా ఉన్నాయో."

"ఉన్నాయండి," అంది దీనమ్మ. చీపురు గోడకు చేర్చి, అక్కడే గట్టు మీద కూర్చుని, చాలాసేపు గిన్నెల వంక చూసింది. మెచ్చుకుంటుందని ప్రిస్కిల్లా ఎదురుచూసింది. మెచ్చుకోలేదు. తిట్టలేదు కూడా. అది ఏమిటో ప్రిస్కిల్లాకు అంతుబట్టలేదు. సాయంత్రం టేపు పెట్టి, గిన్నెలు లేని సామాన్ల గది కొలతలు తీసింది.

గురువారం చిట్టియ్య వచ్చాడు. పేటలో పెళ్ళయినా, చావైనా, కూడికయినా వంట ఆయనదే. తువ్వాలు భుజాన వేసుకుని పెరట్లోకి నేరుగా నడిచాడు.

"కోడలా, శనివారానికి మా సామాను తీసి పెట్టమ్మా. రెండు డేగిసాలు, ఒక బేసిను. ఎర్ర చుక్కలు రెండేసి ఉంటాయి."

"చుక్కలా మావయ్యగారూ?"

"చుక్కలే. రెండు ఎర్రవి మావి. నీలం ఆశాజ్యోతి వాళ్ళవి. పసుపు గుడివి. ఆకుపచ్చ మీ ఇంటివి. అలా ఇంటికొక రంగు, చుక్కల లెక్క. భోజనాలకి పేటంతా సామాను పెడతారు కదా, కలిసిపోకుండా మీ అత్తగారే పెట్టింది ఈ పద్ధతి. అయిపోయాక దీనమ్మ కడిగి ఎవరివి వాళ్ళకి చేరుస్తుంది. తీసుకెళ్ళనివి ఇక్కడే ఉంటాయి. మీ సామాన్ల గది మా అందరి సామాన్ల గదేనమ్మా."

"నేను... తుడిచేశానండి."

"తుడిస్తే ఏమవుద్ది, రంగు పోదు."

"థిన్నరుతో తుడిచానండి."

చిట్టియ్య ముందు నవ్వాడు. తర్వాత టార్పాలిన్ వంక చూసి నవ్వు ఆపేశాడు. ఒక గిన్నె తీసి అడుగు చూశాడు, పెట్టేశాడు. ఇంకోటి తీశాడు. "ఓరి నాయనో," అన్నాడు.

ఆ మాటకు గోడ పక్కనుంచి ఆశాజ్యోతి తల కనబడింది. సంగతి విని చీపురు పుల్ల నోట్లోంచి తీయకుండానే లోపలికొచ్చింది. రావడం రావడం ఒక పెద్ద బేసిను మీద చెయ్యి వేసింది. "ఇది మాది."

"నీదా? అది మాది," అన్నాడు చిట్టియ్య.

"మా అమ్మ పెళ్ళికి కొన్నది ఇది."

"మీ అమ్మ పెళ్ళికి స్టీలెక్కడిదే? మీ నాన్న ఆ పూట అరిటాకులు కూడా మా దొడ్లోంచే కోసుకెళ్ళాడు."

"ఆ ఆకుల్లో మూడు సార్లు మారు వడ్డించుకు తిన్నదెవరో మా అమ్మ ఇప్పటికీ చెప్తుంది చిన్నాన్నా!"

"వంట చేసినోడు తినకపోతే రుచెవరు చూస్తారే?"

ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. అన్నీ తళతళలాడుతున్నాయి, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ప్రిస్కిల్లా మధ్యలో నిలబడి, "అందరూ కాస్త ఆగండి, ఒక పద్ధతిగా చూద్దాం," అంది. ఏ పద్ధతో ఆమెకే తెలియదు. ఆ బేసిను అటూ ఇటూ లాగేసరికి గట్టుకు తగిలి పెద్ద చప్పుడైంది.

ఆ చప్పుడుకి దీనమ్మ వంటింట్లోంచి వచ్చింది. బేసిను వాళ్ళ చేతుల్లోంచి తీసుకుని, వేళ్ళ కణుపులతో ఒకసారి తట్టింది.

"ఆశాజ్యోతిదేనండి. చిట్టియ్యగారిది ఇంకా బరువు. ఇదిగో, ఇదండి మీది." ఇంకో బేసిను తీసి ఇచ్చింది. "సువార్త కూటాలప్పుడు ట్రాక్టరు మీంచి పడి ఇక్కడ సొట్ట పడింది కదండి. మీరే రాయి పెట్టి కొట్టి సరిచేశారు."

చిట్టియ్య బొటనవేలితో సొట్ట తడిమి చూసుకున్నాడు. "అవును," అన్నాడు.

దీనమ్మ టార్పాలిన్ దగ్గర గొంతుక్కూర్చుంది. ఒక్కో గిన్నె ఎత్తడం, అంచు వెంట బొటనవేలు పోనివ్వడం, కొన్నిటికి మూత పెట్టి చూడడం, కొన్నిటిని తట్టి వినడం. ఎత్తినదాన్ని పెరట్లో ఎక్కడో ఒకచోట పెట్టి వచ్చేది. కొన్ని జామచెట్టు కింద, కొన్ని బోరింగు పక్కన, కొన్ని గోడ మూలన. ఎందుకలా చెల్లాచెదురుగా పెడుతోందో ప్రిస్కిల్లాకు మొదట తోచలేదు. చూడగా చూడగా తెలిసింది. బోరింగు గుడి అయితే, జామచెట్టు దగ్గర చిట్టియ్య ఇల్లు, దాని ఎదురు ఆశాజ్యోతి ఇల్లు, గోడ మూలన కాలవ గట్టు ఇళ్ళు. పేటలో ఇళ్ళు ఎలా ఉంటాయో అలాగే పెరట్లో గిన్నెలు వరుస తీరాయి. ప్రిస్కిల్లా పరిచిన మూడు దుప్పట్లలో ఈ ఇళ్ళలో ఒక్కదానికీ చోటు లేదు.

ఎవరి కుప్ప వాళ్ళు చూసుకుని తృప్తిపడ్డారు. టార్పాలిన్ మీద ఏడు మిగిలాయి. పాతిక కేజీల బియ్యం ఉడికే గుండిగ, దాని మూత, ఒక జల్లెడ గరిటె, రెండు పళ్ళేలు, ఒక చెంబు, నాలుగు గిన్నెల క్యారేజీ.

"ఇవి ఎవరివత్తా?"

దీనమ్మ టార్పాలిన్ అంచు సర్దుతోంది.

"అవి దీనమ్మవి," అన్నాడు చిట్టియ్య. "ఇరవై ఏళ్ళు గుడి ఊడ్చిందని సంఘం పెట్టింది ఆ గుండిగ. ప్రతి క్రిస్మస్‌కీ అందులోనేగా అన్నం వండేది. మిగతావి పెళ్ళిళ్ళకీ వాటికీ తనకి పెట్టినవి."

ప్రిస్కిల్లా క్యారేజీ వంక చూసింది. వదులు పట్టీ. మంగళవారం తను రెండు చేతులతో ఇచ్చినది.

"ఇది కూడానా అత్తా?"

"ఆయ్."

"మరి నేనిస్తుంటే నీదేనని చెప్పలేదేం?"

"మీరు ప్రేమగా ఇచ్చారు కదండీ," అంది దీనమ్మ.

ప్రిస్కిల్లా ముఖం వేడెక్కింది. అడగనక్కర్లేనిది అడిగింది. "నీ వాటికి ఏ రంగు చుక్క ఉండేది?"

"నావాటికి చుక్క లేదండి."

"ఎందుకని?"

దీనమ్మ ఆ ప్రశ్నకే ఆశ్చర్యపోయింది. "చుక్క దేనికండి? భోజనాలయ్యాక ఎవరింటికి చేర్చాలో తెలియడానికి. నావి చేర్చడానికి వేరే ఇల్లేముందండి? ఎక్కడికెళ్ళినా ఇక్కడికే వస్తాయి."

ఆ మాటలో నిష్ఠూరం ఉందేమోనని ప్రిస్కిల్లా వెతికింది. కనబడలేదు. నిష్ఠూరం ఉన్నా బాగుండేదనిపించింది. దేనికి బాధపడాలో తెలిసేది.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర శ్యాంబాబుతో చెప్పేసింది. "సామాన్ల గది ఖాళీ చేయొద్దండీ. మన మంచం గోడకి జరిపితే కిటికీ పక్కన మీ టేబుల్ పడుతుంది."

"నిన్న కదా కొలతలు తీశావు?"

"తీశాను. ఇప్పుడొద్దంటున్నాను."

"దీనమ్మ పిన్నికి చెప్పేశావా? ఏడ్చిందా?"

"చెప్పలేదు. ఇంక చెప్పక్కర్లేదు."

శ్యాంబాబు అన్నం కలపడం మొదలుపెట్టాడు. "నాకూ అదే బాగుందనిపిస్తోంది," అన్నాడు, ఎవరో తన మీద నుంచి మూట దించినట్టు. ప్రిస్కిల్లా లేచి కాగితం మీద ఏడూ ఎనిమిదీ కొట్టేసింది. దీనమ్మతో ఈ మాట చెప్పాలి కదా అనుకుంది. ఏమని చెప్పాలి? నిన్ను పంపించేద్దామనుకున్నాం, ఇప్పుడు మానేశాం అనా? కూడిక హడావుడి అయ్యాక నెమ్మదిగా చెప్పొచ్చులే అనుకుంది.

శుక్రవారం బజారుకెళ్ళి అయిదు చిన్న పెయింటు డబ్బాలు తెచ్చింది. ఇద్దరూ పెరట్లో కూర్చున్నారు. దీనమ్మ ఇల్లు చెప్పేది, ప్రిస్కిల్లా అగ్గిపుల్లకు దూది చుట్టి చుక్క పెట్టేది. పెట్టిన గిన్నెను దీనమ్మ చెయ్యి అంటకుండా అంచు పట్టి ఎండలోకి జరిపేది. అంత ప్రశాంతంగా ఆ వారంలో ప్రిస్కిల్లా ఏ పనీ చేయలేదు.

చివర్లో దీనమ్మ గుండిగను తనే లాక్కొచ్చింది.

"నావాటికి కూడా ఒక చుక్క వేస్తారాండి?"

ప్రిస్కిల్లాకు ప్రాణం లేచొచ్చింది. "ఏ రంగు కావాలత్తా?"

"ఎవరిదీ కానిదండి. తెలుపుందా?"

అయిదో డబ్బా తెలుపే. ఏడు వస్తువులకూ ఏడు తెల్ల చుక్కలు పెట్టింది. గుండిగకు మాత్రం పెద్దది పెట్టింది. ఈ ఇంట్లో దీనమ్మకంటూ ఒక రంగు ఏర్పడిందని, ఇన్నేళ్ళకు ఒక న్యాయం జరిగిందని అనుకుంది. దీనమ్మ ఆ తెల్ల చుక్క ఆరేదాకా ఉఫ్ ఉఫ్ అని ఊదుతూ కూర్చుంది.

శనివారం సాయంత్రం కూడిక బాగా జరిగింది. టెంటు కింద నూట యాభై మంది. పాస్టరుగారు కుటుంబం వాళ్ళ పేర్లు కాగితం చూసి చదివి ప్రార్థన చేశారు. ఆ కాగితం సోమవారం రాసిచ్చింది ప్రిస్కిల్లానే. దీనమ్మ పేరు ఎక్కడ రాయాలో తెలియక, తర్వాత చూద్దామని వదిలేసింది. ఆ 'తర్వాత' ఎప్పుడూ రాలేదు. కుటుంబం తరఫున ఎవరైనా రెండు మాటలు చెప్పమంటే ప్రిస్కిల్లా లేచింది. అత్తగారి గురించి చెప్పాక, "ఇంకా మా దీనమ్మత్త..." అని ఆగింది. మా ఏమిటి? పనిమనిషి అని ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు. చుట్టం అని కూడా అనలేదు. నూట యాభై మంది ఆమె ముఖంలోకి చూస్తున్నారు. "మా దీనమ్మత్తకి కూడా వందనాలు," అని కూర్చుంది. టెంటు వెనక పళ్ళేలు కడుగుతున్న దీనమ్మకు ఆ మాట వినబడిందో లేదో.

భోజనాలయ్యాక దీనమ్మ గిన్నెలన్నీ కడిగి, అలవాటుగా సామాన్ల గదికి చేర్చలేదు. రెండు చేతుల్లో రెండు, చంకలో ఒకటి పెట్టుకుని ఎవరివి వాళ్ళ ఇళ్ళకు మోసింది. అలా ఎన్ని సార్లు తిరిగిందో ప్రిస్కిల్లా లెక్క పెట్టలేదు. వచ్చినవాళ్ళను సాగనంపుతూ ఉండిపోయింది.

ఆదివారం పొద్దున్న ఆరాధనకు తయారై, పిన్నీసు కోసం సామాన్ల గదిలోకి వెళ్ళి గుమ్మంలోనే ఆగిపోయింది. గది ఊడ్చి ఉంది. గోడల వారగా ఒక్క గిన్నె లేదు. మంచం మడిచి నిలబెట్టి ఉంది. మధ్యలో గుండిగ, అందులో క్యారేజీ, గరిటె, పళ్ళేలు, చెంబు, మడతపెట్టిన నాలుగు చీరలు. పక్కన దీనమ్మ ఆరాధనకు కట్టుకునే తెల్లచీరలో కూర్చుని ఉంది.

"ఎక్కడికత్తా?"

"కడియమండి. మా ఏసురాజు పదింటికి ఆటో తెస్తానన్నాడు."

"ఎవరు వెళ్ళమన్నారు నిన్ను? నేనన్నానా?"

"అనలేదండి." దీనమ్మ నవ్వింది. "మంగళవారం నుంచీ చూస్తున్నాను. రోజూ గుమ్మం దాకా వచ్చి, గోడలు చూసి, ఏదో అనబోయి వెళ్ళిపోతున్నారు. బుధవారం టేపు పెట్టి కొలిచారు కూడాను. బాబుకి గది కావాలని రెండు నెలలుగా వింటున్నాను కదండీ. మీకు నోరు రావడం లేదు. మీకెందుకండి ఆ కష్టమని నేనే ఏసురాజుకి ఫోను చేశాను. ఎవరి సామాను వాళ్ళకి అప్పజెప్పి వెళ్దామని ఆగాను."

పసుపు దుప్పటి మీద నుంచి గిన్నెలు ఎందుకు వెనక్కి నడిచాయో, తెల్ల చుక్క ఎందుకు కావలసి వచ్చిందో అప్పుడు తెలిసింది ప్రిస్కిల్లాకు. గుమ్మం పట్టుకుంది.

"మేం మానేశాం అత్తా. గురువారమే మానేశాం. గది నీదే."

దీనమ్మ తలెత్తింది. "గురువారమాండి?"

"ఆయన కూడా ఒప్పుకున్నారు."

"మరి చెప్పలేదేంటండి?"

"కూడికయ్యాక చెబుదామని..."

"అయ్యో," అంది దీనమ్మ. కోపంగా కాదు. పాలు పొంగిపోతే అన్నట్టు అంది. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కొంచెంసేపు గుండిగ మూత వంక చూసింది. వెళ్ళడం మానేస్తుందని ప్రిస్కిల్లా ఎదురుచూసింది.

"వాడు నర్సరీ మేస్త్రీకి మాటిచ్చేశాడండి, మొక్కలకి మట్టి నింపడానికి మనిషొస్తుందని."

"రాదని చెప్పమను."

"చెప్పొచ్చండి." గుండిగ మూత సర్దింది. "ఏసురాజు పెళ్ళాం వాళ్ళ బియ్యం కార్డులో నా పేరు ఎక్కిస్తానందండి. నాకింతవరకు ఏ కార్డులోనూ పేరు లేదు కదండీ."

అత్తగారు పోయిన కొత్తలో సచివాలయం అమ్మాయి ఇంటింటి సర్వేకి వచ్చి ఇంట్లో ఎంతమందని అడిగితే, ఇద్దరం అని చెప్పింది ప్రిస్కిల్లానే. అప్పుడు దీనమ్మ ఆ అమ్మాయికి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆ గ్లాసు తిరిగి తీసుకునేదాకా పక్కనే నిలబడింది కూడా.

"నేనూ ఎక్కిస్తానత్తా," అంది ప్రిస్కిల్లా. తన గొంతు తనకే కొత్తగా వినబడింది.

"ఎక్కిస్తారండి. మీరు మంచోళ్ళు." దీనమ్మ లేచి, మోకాళ్ళు సర్దుకుని, ఆమె చెంప మీద చెయ్యి వేసింది. ఆరేళ్ళలో ఎప్పుడూ వేయలేదు. "కానీ వాళ్ళు ముందడిగారు కదమ్మా," అంది.

అండి అనలేదు, అమ్మా అంది. ఆ ఒక్క మాటకు సంతోషించాలో, ఇంక ఆవిడకు తనతో పనిలేదని అనుకోవాలో ప్రిస్కిల్లాకు తెలియలేదు.

ఏసురాజు పది నిమిషాలు ముందే వచ్చాడు. గుండిగ ఎత్తడానికి అతనూ శ్యాంబాబూ చెరో చెవీ పట్టుకున్నారు. శ్యాంబాబు "పిన్నీ, వచ్చే ఆదివారం వచ్చెయ్" అన్నాడు, ఏమైందో సరిగ్గా అర్థం కాని ముఖంతో. చిట్టియ్య గోడ దగ్గర నిలబడి, "క్రిస్మస్‌కి అన్నం ఎందులో వండమంటావే?" అని గద్దించాడు. "కబురు పెట్టండి, పట్టుకొస్తాను, మళ్ళీ తీసుకెళ్తాను," అంది దీనమ్మ ఆటోలోంచి. ఆటో కాలవ గట్టు ఎక్కి మలుపు తిరిగింది.

మధ్యాహ్నం శ్యాంబాబు సామాన్ల గదిలో టేబుల్ వేసుకున్నాడు. వైర్లన్నీ, కారే మూలకు దూరంగా, దీనమ్మ మంచం ఉన్న వైపే పెట్టుకున్నాడు. తలుపు వేసుకున్నాడు. ఇల్లంతా సర్దినట్టే ఉంది. ఎక్కడి వస్తువు అక్కడుంది. ప్రిస్కిల్లా ఫోను తీసి సచివాలయం అమ్మాయి నంబరు వెతికింది. ఇప్పుడు ఫోన్ చేసి ముగ్గురం అని చెప్పాలా, ఇద్దరమే అని చెప్పాలా అని ఆలోచిస్తూ నిలబడింది.

మీలో ఎవరైనా మొక్కలు కొనడానికి కడియం వెళ్తే, గులాబీలూ అంటుమామిళ్ళూ బేరమాడి ఊరుకోకండి. షెడ్డు నీడన నల్ల కవర్లలో మట్టి నింపే ఆడవాళ్ళు వరుసగా కూర్చుని ఉంటారు. అందులో బక్కపల్చటి ఆవిడ, నింపిన ప్రతి కవరునూ ఒకసారి తట్టి చూసి పక్కన పెట్టే ఆవిడ, దీనమ్మ. పలకరిస్తే "ఆయ్" అంటుంది. మీరు పలకరించకపోయినా ఏమీ అనుకోదు. ఇంటికొచ్చాక ప్రార్థన చేసుకునే అలవాటుంటే మీవాళ్ళ పేర్లతో పాటు ఆవిడ పేరు కూడా ఒకసారి చెప్పండి. ఆ అలవాటు లేకపోతే, అన్నం తినేటప్పుడు ఒక్కసారి దీనమ్మను తలుచుకోండి, చాలు.